కంప్యూటరుకు వరద వస్తే?

జూలై నెల. కోనసీమలో ఆకాశం తేటగా ఉంది. ఎండ కాస్తున్నది. అయినా లంకల్లో రైతులు పశువులను గట్టు మీదికి తోలుకుపోతున్నారు. బియ్యం బస్తాలు అటక ఎక్కుతున్నాయి. పడవలవాళ్ళు పడవలను రేవుకు తెచ్చి కట్టుకుంటున్నారు. చినుకైనా పడని రోజున ఈ హడావిడి ఎందుకు?

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. అదీ కారణం. వాన కురిసింది ఇక్కడ కాదు, ఎగువన ఎక్కడో. ఆ నీరు ఇక్కడికి వచ్చేలోపల చేసుకోవలసిన పనులు ఇవి.

గోదావరి జిల్లాల్లో పెరిగిన ప్రతి పిల్లవాడూ ఈ మాట విన్నవాడే. కాని దాని వెనుక ఉన్న అంకెలు మీలో ఎంతమందికి తెలుసు? బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక. 13.75 అడుగులైతే రెండవది. 17.75 అడుగులైతే మూడవది. ఆ సమయాల్లో బ్యారేజీ దాటి సముద్రంలోకి పోయే నీరు సుమారుగా 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు ఉంటుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అనగా సుమారు 28.3 లీటర్లు. మరి 10 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు ఎన్ని లీటర్లు? గుణించి చూడండి. రెండు కోట్ల ఎనభై మూడు లక్షలు! పైన భద్రాచలం దగ్గర కూడా ఇలాగే మూడు మెట్లున్నాయి: 43, 48, 53 అడుగులు.

ఈ అంకెల్లో ఒక గొప్ప సౌకర్యం ఉంది. వరద వచ్చిన అర్ధరాత్రి "ఇది పెద్ద వరదా, చిన్న వరదా?" అని ఎవరూ ఎవరితోనూ వాదించనక్కరలేదు. కొలబద్ద చూస్తే చాలు. అంకె తెలియగానే కలెక్టరుగారి దగ్గర నుంచి పడవ నడిపే మనిషి వరకు తమ పని ఏమిటో గుర్తుకు తెచ్చుకుంటారు. ఆ వాదన ఏదో ఎండాకాలంలోనే, గోదావరిలో ఇసుక తిన్నెలు బయటపడి ఉన్నప్పుడే, ముగిసిపోయింది.

ఈ సంగతి తరగతిలో చెబుతూ, "కంప్యూటర్లతో నడిచే ఆఫీసులకు కూడా ఇటువంటి హెచ్చరికలు ఉంటాయర్రా" అన్నాను. వెనుక బెంచీ నుంచి ఒక కుర్రవాడు లేచి, "గోదావరికీ కంప్యూటరుకీ ఏంటండీ మాస్టారూ సంబంధం?" అన్నాడు. అందరూ నవ్వారు. వాడికి ఆ రోజు చెప్పిన జవాబునే కొంచెం పెంచి ఇక్కడ రాస్తున్నాను.

మా బడిలో జరిగిన కథ

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో జరిగింది ఇది. పదవ తరగతి పరీక్షకు కూర్చునే పిల్లల వివరాలు పంపడానికి అది ఆఖరి రోజు. తొంభై ఇద్దరు పిల్లల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు పదిరోజులు కష్టపడి కంప్యూటరులో ఎక్కించి పెట్టుకున్నాం. పొద్దున పదకొండు గంటలకు తెర అంతా నీలం రంగుకు తిరిగి, తెల్లటి అక్షరాలేవో వచ్చి, యంత్రం ఆగిపోయింది.

ఇక చూడండి మా అవస్థ. లెక్కల మాస్టారు వైరు పీకి మళ్ళీ పెట్టారు. డ్రాయింగు మాస్టారు పట్నంలో కంప్యూటరు దుకాణం నడుపుతున్న మేనల్లుడికి ఫోను చేశారు. ప్రధానోపాధ్యాయులు పై ఆఫీసుకు ఫోను చేసి గడువు అడుగుతున్నారు. నేనేమో, నిజం చెప్పాలి కదా, చూడకుండానే "ఇది వైరస్సే" అని తేల్చేశాను. ఎవరికి వారే యమునాతీరే అన్నట్లు నలుగురం నాలుగు పనులు చేశాం. ఎవరు ఏమి చేస్తున్నదీ రెండోవారికి తెలియదు.

మధ్యాహ్నం ఆ మేనల్లుడు వచ్చాడు. మంచి కుర్రాడు, పనిమంతుడు. "కంప్యూటరు నడిచేటట్లు చెయ్యి నాయనా" అన్నాం. అతడు డిస్కు తుడిచేసి విండోస్ మళ్ళీ ఎక్కించాడు. గంటన్నరలో కంప్యూటరు కొత్త పెళ్ళికొడుకులాగా లేచి కూర్చుంది. కాని పిల్లల వివరాలున్న ఫైలు? అది డిస్కుతోపాటే తుడుచుకుపోయింది. ఫైలు ఉన్నదని అతనికి మేము చెప్పలేదు. పక్కవారు చెప్పి ఉంటారని ప్రతి ఒక్కరమూ అనుకున్నాం.

ఆ రాత్రి అడ్మిషన్ రిజిస్టరు ముందు పెట్టుకుని, రాత్రి పన్నెండు దాకా మళ్ళీ తొంభై రెండు పేర్లూ ఎక్కించాం. నిద్రకళ్ళతో చేసిన పనిలో ఒక అమ్మాయి పుట్టిన సంవత్సరం తప్పుపడింది. అది సర్టిఫికేటు చేతికి వచ్చాక గాని బయటపడలేదు. దాన్ని దిద్దించడానికి వాళ్ళ నాన్న కూలి పని మానుకుని ఎన్నిసార్లు ఆఫీసుల చుట్టూ తిరిగాడో నాకు తెలుసు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటూ ఉంటుంది.

కథ ఇంతటితో ఆగలేదు. రెండు వారాల తరువాత అదే నీలం తెర మళ్ళీ వచ్చింది! ఈసారి వచ్చిన మెకానిక్కు మూత విప్పి, జ్ఞాపకశక్తి ఉండే ర్యామ్ పలకను ఊడదీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిలు రబ్బరుతో రుద్ది, దుమ్ము ఊది మళ్ళీ బిగించాడు. అంతే, నయమైపోయింది. అంటే మొదటిసారి డిస్కు తుడవవలసిన అవసరమే లేదన్నమాట. అప్పుడు మా గుమాస్తాగారు మెల్లగా చెప్పారు: "ఆ ముందు వారంలో కూడా రెండుసార్లు అలాగే నీలంగా వచ్చిందండి. ఆపి మళ్ళీ వేస్తే నడిచింది. ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నాను."

మా బడిలో లోపించింది తెలివి కాదు. నలుగురమూ చదువుకున్నవాళ్ళమే. లోపించింది ఆ 11.75 అడుగుల గీత లాంటిది.

ఫ్యూజు వేరు, ఫ్యూజు పోవడానికి కారణం వేరు

పెద్ద ఆఫీసుల్లో ఇటువంటి రోజులు తప్పవని చాలాకాలం క్రితమే గ్రహించారు. 1980ల్లో బ్రిటన్ ప్రభుత్వం తన కార్యాలయాల్లోని కంప్యూటర్ల నిర్వహణకు ఒక పద్ధతి ఉండాలని నిపుణులచేత పుస్తకాలు రాయించింది. 1989 నుంచి అవి వెలువడ్డాయి. వాటికే ఐటిఐఎల్ అని పేరు. నాలుగైదు సార్లు తిరగరాసినా, ఈనాటికీ ప్రపంచంలోని కంప్యూటరు సంస్థలు వాడే మాటలు చాలావరకు వాటిలోనివే. అందులో ముఖ్యమైన మాటలు రెండు: ఇన్సిడెంట్, ప్రాబ్లం. మామూలుగా మనం రెండింటినీ ఒకే అర్థంలో వాడేస్తాం. వాళ్ళు మాత్రం చాలా పట్టుదలగా విడదీశారు.

మన భీమవరం వైపు రొయ్యల చెరువులు మీరు చూసే ఉంటారు. చెరువులో తెల్లటి నురుగు చిమ్ముతూ తిరిగే చక్రాలను ఏరియేటర్లంటారు. అవి నీటిలోకి గాలిని కలుపుతాయి. పగలు నీటిలోని నాచు ఎండ సాయంతో ఆహారం తయారుచేసుకుంటూ ఆక్సిజన్ విడుస్తుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది. పైగా నాచు కూడా రొయ్యలతోపాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుచేత తెల్లవారుజామున నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ అన్నిటికంటె తక్కువగా ఉంటుంది.

ఇప్పుడు తెల్లవారుజామున మూడు గంటలకు కరెంటు పోయిందనుకోండి. చెరువు కావలి మనిషి ఏమి చేస్తాడు? ట్రాన్స్‌ఫార్మరు దగ్గరకు వెళ్ళి ఫ్యూజు ఎందుకు పోయిందా అని పరిశోధిస్తాడా? చేయడు. ముందు డీజిలు జనరేటరు తిప్పుతాడు. చక్రాలు మళ్ళీ తిరుగుతున్నాయని చూసుకుని, అప్పుడు 1912కు ఫోను చేస్తాడు. లైన్‌మన్ వచ్చి ఫ్యూజు వేసిపోతాడు. ఇంతవరకు జరిగినది ఇన్సిడెంట్. అంటే నడుస్తున్న పని హఠాత్తుగా ఆగడం, దాన్ని ఏదో ఒక విధంగా మళ్ళీ నడిపించడం.

అయితే అదే ఫ్యూజు వారంలో నాలుగుసార్లు పోయిందనుకోండి. అప్పుడు పగటిపూట తీరికగా కూర్చుని ఆలోచించవలసిన ప్రశ్న వస్తుంది. ఈ ట్రాన్స్‌ఫార్మరు మీద ఎన్ని మోటార్లున్నాయి? దాని శక్తి ఎంత? కొత్తగా ఎవరైనా చెరువు తవ్వారా? ఇది ప్రాబ్లం, అంటే మూలకారణం. మొదటిది గడియారంతో పందెం. రెండవది నింపాదిగా చేయవలసిన పరిశోధన. రెండింటినీ కలిపేస్తే రెండూ చెడతాయి. మేము చేసినది అదే. తెర నీలంగా మారగానే వివరాలు పంపడమెలాగో చూడకుండా, కారణం వెతకడానికి బయలుదేరాం. కారణం తెలియకుండానే డిస్కు తుడిపించాం.

1912కు ఫోను చేస్తే ఒక ఫిర్యాదు నంబరు ఇస్తారు. అది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని చిన్నది కాదు. కంప్యూటరు ఆఫీసుల్లో దాన్నే టికెట్ అంటారు. ఆ నంబరు మీద ఎవరు ఎప్పుడు చెప్పారు, ఎవరు చూశారు, ఏమి చేశారు, ఎప్పుడు సరైంది అన్నీ రాసి ఉంటాయి. నంబరు లేని ఫిర్యాదు గాలిలో మాట. మా గుమాస్తాగారు చూసిన రెండు నీలం తెరలకు నంబర్లు లేవు. అందుకే మాకు అవి లేనట్లే అయ్యాయి.

ఎంతమందికి? ఎంత తొందర?

ఇక హెచ్చరికల మెట్లు. ఆఫీసుల్లో కొలబద్ద లేదు గనుక రెండు ప్రశ్నలు వేసుకుంటారు. ఈ అంతరాయం ఎంతమందిని తాకింది? ఎంత తొందరగా సరిచేయాలి? ఈ రెండు జవాబులనూ కలిపి ఒక మెట్టు నిర్ణయిస్తారు. చెరువు ఉదాహరణలోనే చూడండి. మధ్యాహ్నం పన్నెండింటికి కరెంటు పోవడం, తెల్లవారుజామున మూడింటికి పోవడం లైన్‌మన్‌కు ఒకటే పని. రైతుకు ఒకటి కాదు. పగలైతే నాచు కొంత ఆదుకుంటుంది. రాత్రయితే పెట్టుబడి అంతా తెల్లారేసరికి నీటి మీద తేలుతుంది.

ఒక గుమాస్తా మౌసు చెడితే నాలుగో మెట్టు, రేపు చూడవచ్చు. ఆస్పత్రిలో రక్తపరీక్షల ఫలితాలు చూపే సర్వరు ఆగితే ఒకటో మెట్టు. ఇంటికి వెళ్ళి పడుకున్న ఇంజనీరును కూడా లేపాలి. తమాషా ఏమిటంటే, వీళ్ళ లెక్కలో ఒకటి అంటే అన్నిటికంటె పెద్ద ప్రమాదం. మన గోదావరి లెక్కలో మూడు పెద్దది. ఏదైనా ఫరవాలేదు, ఆ చోట పనిచేసే అందరికీ ఒకే లెక్క ఉంటే చాలు. మెట్లు ముందే రాసిపెట్టుకోకపోతే మాత్రం ఎవరు గట్టిగా అరిస్తే వారి పనే మొదటి మెట్టు అవుతుంది. పెద్ద అధికారి మౌసు ముందు బాగుపడి, ఆస్పత్రి సర్వరు వెనకబడుతుంది. ఇది నేను సరదాకు రాయడం లేదు.

కీబోర్డు ముట్టని నాయకుడు

ఎవరు ఆజ్ఞ ఇవ్వాలి అన్నది మరో చిక్కు. దీనికి జవాబు కంప్యూటర్ల నుంచి రాలేదు, అడవి మంటల నుంచి వచ్చింది! 1970లో అమెరికాలోని కాలిఫోర్నియాలో అడవులు తగులబడి, 13 రోజుల్లో 16 మంది చనిపోయారు. 700కు పైగా కట్టడాలు కాలిపోయాయి. ఆర్పడానికి వచ్చిన దళాలకు కొదువ లేదు. కాని ఒక దళం మాట ఇంకొక దళానికి అర్థం కాదు. ఒకే వస్తువుకు తలో పేరు. రేడియోలు కలవవు. ఎవరి అధికారి వారికే. ఆ చేదు అనుభవం తరువాత ఒక ఏర్పాటు చేసుకున్నారు. ప్రమాదస్థలంలో నాయకుడు ఒక్కడే. అందరికీ ఒకే పరిభాష. ఒక్కొక్కరికి ఒక్కొక్క పని. మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇదే తరహాలో మార్గదర్శకాలు విడుదల చేసింది.

కంప్యూటరు సంస్థలు దీన్ని అరువు తెచ్చుకున్నాయి. పెద్ద అంతరాయం రాగానే ఒకరిని నాయకుడిగా ప్రకటిస్తారు. వింత ఏమిటంటే ఆ నాయకుడు కీబోర్డు ముట్టుకోడు! యంత్రం బాగుచేసేవారు వేరు. జరుగుతున్నది నిమిషం నిమిషం రాసేవారు వేరు. "ఎప్పటికి సరవుతుంది?" అని వచ్చే ఫోన్లకు జవాబు చెప్పేవారు వేరు. బాగుచేసేవాని చెవిలో పదిమంది అదే ప్రశ్న వేస్తూ ఉంటే అతడు పని ఎలా చేయగలడు? క్రికెట్టులో కెప్టెన్ ప్రతి బంతీ తానే వేయడు కదా. మా బడిలో ఆ రోజు ప్రధానోపాధ్యాయులు ఫోను ఇంకొకరికి ఇచ్చి, మా నలుగురినీ కూర్చోబెట్టి, "ముందు ఫైలు సంగతి చెప్పండి" అని ఉంటే కథ మరోలా ఉండేది.

చేతిరాత బోర్డింగ్ పాస్

ఇంత పెద్ద సంస్థలు ఇన్ని పద్ధతులు పెట్టుకున్నా వరదలు రాకుండా పోవు. 2024 జూలై 19, శుక్రవారం. మన గడియారం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా సంస్థ తన కాపలా ప్రోగ్రాముకు ఒక చిన్న ఫైలును ఇంటర్నెట్ ద్వారా పంపింది. కంప్యూటర్లను దొంగల నుంచి కాపాడే ప్రోగ్రాము అది. ఆ ఫైలు అందుకున్న విండోస్ కంప్యూటర్లు నీలం తెర చూపి కుప్పకూలాయి. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం సుమారు 85 లక్షల కంప్యూటర్లు!

కారణం వింటే ఆశ్చర్యపోతారు. ప్రశ్నాపత్రంలో 21 ప్రశ్నలున్నాయని నమ్మిన ఉపాధ్యాయుడి చేతికి 20 జవాబులే ఉన్న పేపరు వచ్చిందనుకోండి. ఆయన ఇరవై ఒకటో జవాబు కోసం కాగితం దాటి బల్ల మీద ఉన్నదేదో చదవబోతాడు. ఆ ప్రోగ్రాము చేసిన పని సరిగ్గా అదే. 20 అంశాలే అందించిన చోట 21వ దాని కోసం తనది కాని జ్ఞాపకస్థానంలోకి చూసింది. కంప్యూటరుకు గుండెకాయ వంటి భాగంలో నడిచే ప్రోగ్రాము గనుక మొత్తం యంత్రం ఆగిపోయింది.

సంస్థవారు 10 గంటల 57 నిమిషాలకు ఆ ఫైలును వెనక్కు తీసుకున్నారు. అంటే 78 నిమిషాలు. అయినా పడినవి లేవలేదు. ఎందుకంటే సరైన ఫైలు అందుకోవాలంటే కంప్యూటరు లేవాలి. లేవబోయేసరికి చెడ్డ ఫైలును చదివి మళ్ళీ పడుతుంది. చివరకు చాలాచోట్ల మనుషులు ఒక్కొక్క యంత్రం దగ్గరకు వెళ్ళి, ప్రత్యేక పద్ధతిలో తెరిచి, ఆ ఒక్క ఫైలును చేత్తో తీసేయవలసి వచ్చింది. కొన్ని రోజులు పట్టింది.

ఆ రోజు మన హైదరాబాదు విమానాశ్రయంలో ఏమి జరిగిందో తెలుసా? విమానం ఎక్కేవారికి ఇచ్చే బోర్డింగ్ పాసులను సిబ్బంది పెన్నుతో రాసి ఇచ్చారు. ఆ చేతిరాత పాసు ఫోటో ప్రపంచమంతా తిరిగింది. చాలామంది నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు, సంతోషం కలిగింది. కంప్యూటరు లేచేదాకా ప్రయాణికుణ్ణి ఆపకుండా, పేరు, విమానం, సీటు కాగితం మీద రాసి పంపించారు. చెరువు కావలివాని డీజిలు జనరేటరు ఇదే. ఐటిఐఎల్ భాషలో దీనికి వర్కరౌండ్ అని పేరు. మేమూ ఆ రోజు పదకొండింటికే రిజిస్టరు తెరిచి పక్క ఊరి బడి కంప్యూటరులో ఎక్కించి ఉంటే, సాయంత్రానికి తెల్లటి వెలుతురులో, నిద్రకళ్ళు లేకుండా పని అయిపోయేది.

గండి పడితే ముందు ఏం చేస్తారు?

దొంగ ప్రోగ్రాములు వచ్చిపడే అంతరాయాలకు మరొక నియమం ఉంది. 2017 మే 12న వన్నాక్రై అనేది ప్రపంచంమీద పడింది. కంప్యూటరులోని ఫైళ్ళకు తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానంటుంది. ఒక యంత్రం నుంచి పక్క యంత్రానికి తనంతట తానే పాకుతుంది. సుమారు 150 దేశాల్లో లక్షల యంత్రాలను పట్టుకుంది. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసుశాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. విచారించవలసినది ఏమిటంటే, అది దూరే కంతను పూడ్చే ఫైలును మైక్రోసాఫ్ట్ ఆ మార్చి నెలలోనే విడుదల చేసింది. ఎక్కించుకోని యంత్రాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి.

ఏటిగట్టుకు గండి పడితే మొదట చేసేది ఏమిటి? ఊళ్ళోకి వచ్చిన నీళ్ళు తోడటం కాదు. గండి చుట్టూ ఇసుక బస్తాలు వేసి, నీరు ముందుకు పోకుండా ఆపడం. ఇక్కడా అంతే. జబ్బుపడ్డ కంప్యూటరును ముందు నెట్‌వర్కు నుంచి విడదీయాలి. ఆ తరువాతే శుభ్రం చేయడం, ఆ తరువాతే వేరేచోట దాచుకున్న నకలు నుంచి ఫైళ్ళు తిరిగి తెచ్చుకోవడం. వరుస మారిస్తే, శుభ్రం చేసిన యంత్రానికి పక్క యంత్రం నుంచి మళ్ళీ అంటుకుంటుంది. నకలు కూడా ఆ కంప్యూటరుకే తగిలించి ఉంటే దానికీ తాళం పడుతుంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వలేం గదా. నకలు ముందు రోజున తీసుకున్నదై ఉండాలి.

ఇలాంటి దాడుల సమాచారం ఒకచోట చేరడానికి మన దేశంలో 2004లో సెర్ట్-ఇన్ అనే జాతీయ సంస్థ ఏర్పడింది. 2022 ఏప్రిల్‌లో అది ఇచ్చిన ఆదేశం ప్రకారం, దాడి జరిగినట్లు తెలిసిన 6 గంటల్లోగా సంస్థలు దానికి తెలియజేయాలి. ఎందుకింత తొందర? భద్రాచలంలో నీరు పెరిగిందని ధవళేశ్వరానికి తెలిస్తేనే కదా లంకలవాళ్ళు పశువులను గట్టెక్కించేది!

నీరు తీసిన తరువాత

1986 ఆగస్టులో వచ్చిన వరద మీ తాతయ్యలకు బాగా గుర్తుంటుంది. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది. 36 ఏళ్ళ ఎడంలో వచ్చిన రెండు వరదలను ఇలా పక్కపక్కన పెట్టి పోల్చగలుగుతున్నామంటే, అడుగులు కొలిచి రాసిపెట్టిన మనుషులున్నారు గనుక. "అబ్బో, చాలా పెద్ద వరద" అని మాత్రమే రాసి ఉంటే ఏ గట్టు ఎంత ఎత్తు కట్టాలో ఎవరికి తెలుస్తుంది?

కంప్యూటరు ఆఫీసుల్లో కూడా అంతరాయం తీరిన కొద్ది రోజులకు కూర్చుని రాసుకుంటారు. ఎన్నింటికి మొదలైంది, ఎవరు మొదట గమనించారు, ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన తప్పు ఎలా జరిగిందో 2024 ఆగస్టులో ప్రకటించింది. ఆ 20, 21 సంగతి మనకు తెలిసింది అందువల్లనే. ఇకమీదట ఇటువంటి ఫైలును అందరికీ ఒకేసారి పంపకుండా, ముందు కొద్దిమందికి పంపి చూసి, తరువాత మిగిలినవారికి పంపుతామని కూడా చెప్పింది.

ఈ సమావేశాల్లో ఒక మంచి ఆచారం ఉంది. "ఎవరు చేశారు?" అని అడగరు, "ఎలా జరగగలిగింది?" అని అడుగుతారు. మొదట నాకు ఇది నచ్చలేదు. తప్పు చేసినవానికి శిక్ష వద్దా అనిపించింది. మా మేనల్లుడి కథ తలచుకున్నాక అభిప్రాయం మారింది. అతన్ని ఆ రోజు అందరం తిట్టాం. కాని అతడు మేము చెప్పిన పనే చేశాడు. గుమాస్తాగారినీ తిట్టి ఉంటే? ఈసారి నీలం తెర నాలుగుసార్లు వచ్చినా ఆయన నోరు విప్పరు.

దారానికి కట్టిన నోటుపుస్తకం

ఇప్పుడు నేను పనిచేసే బడిలో కంప్యూటరు గది తలుపు పక్కన మేకుకు ఒక నోటుపుస్తకం, దారంతో ఒక పెన్సిలు వేలాడుతుంటాయి. తేదీ, సమయం, ఎన్నో నంబరు యంత్రం, ఏమి కనిపించింది, ఏమి చేశారు, సరైందా లేదా. ఇవే గడులు. ఎవరైనా రాయవచ్చు. పేరు రాయనక్కరలేదు. కావాలంటే మీరూ మీ బడిలో ఇలాంటిది మొదలుపెట్టి చూడండి. ఖర్చు ఒక పుస్తకం.

మొదటి నెలలో అందులో పెద్దగా ఏమీ రాలేదు. రెండవ నెలలో "మూడో నంబరు దానంతట అదే ఆగి మళ్ళీ మొదలైంది" అని పదేపదే కనిపించసాగింది. మేము మెకానిక్కును పిలుద్దామనుకున్నాం. ఇంతలో ఎనిమిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు పుస్తకం పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. "మాస్టారూ, ఏడుసార్లు ఆగింది కదండీ. ఏడుసార్లూ పన్నెండుంబావుకేనండి" అన్నారు. చూశాను. నిజమే, రెండు మూడు నిమిషాల తేడాతో అన్నీ అదే వేళ.

పన్నెండుంబావుకు మా బడిలో ఏమి జరుగుతుంది? భోజనాల ముందు ట్యాంకు నింపడానికి బోరు మోటారు వేస్తారు! ఇటువంటి మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఆ క్షణంలో తీగల్లో వోల్టేజి పడిపోతుంది. మిగతా కంప్యూటర్లకు బ్యాటరీ పెట్టెలు బాగానే ఉన్నాయి. మూడో నంబరుకు ఉన్న పెట్టెలో బ్యాటరీ ముసలిదైపోయింది. ఆ పిల్లలచేతనే వోల్టుమీటరు పట్టించి, మోటారు వేయించి, ముల్లు కిందికి దిగడం అందరికీ చూపించాను.

మరునాటి నుంచి మోటారు పొద్దున మొదటి గంట కొట్టకముందే వేస్తున్నారు. బ్యాటరీ కోసం అర్జీ పెట్టాం. అది ఇంకా రాలేదు. నోటుపుస్తకంలో ఆ అమ్మాయిలు మూడో నంబరు గడిలో రాసిన ఆఖరి మాట: "కారణం తెలిసింది. సరైందా అంటే సగం."